వైరస్ ఉన్నా కాలేయం ఎందుకు చెడదు, చెడితే ఎవరివల్ల చెడుతుంది?

గుంటూరు నుంచి బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ చదువుతున్న ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న సారాంశం ఇది. తండ్రిగారికి హెపటైటిస్ బి ఉన్నట్టు రక్తదాన శిబిరంలో బయటపడి చాలా ఏళ్లయింది. కాలేయ రక్తపరీక్షలో వచ్చే ఎస్‌జీపీటీ అంకె ఎప్పుడు చూసినా మామూలుగానే ఉంటోంది. మందు ఇప్పుడే అక్కర్లేదు, ఆరు నెలలకోసారి పరీక్షలు చేయించుకుంటే చాలని డాక్టరుగారు అంటున్నారు. ఒంట్లో వైరస్ ఉండగా కాలేయం చెడకుండా ఎలా ఉంటోంది, కాలేయ రోగనిరోధక శాస్త్రంలో పరిశోధకులు అసలు చేసే పని ఏమిటి, తాను ఆ వైపు రావచ్చా అన్నవి ఆమె సందేహాలు. విజయవాడలో కాలేయ రోగులను చూస్తున్నవాడిగా, అంతకుముందు కొంతకాలం ప్రయోగశాలలో ఇదే విషయం మీద పనిచేసినవాడిగా, కొంచెం వివరంగానే జవాబు రాస్తున్నాను.

ముందుగా ఒక అపోహ తొలగాలి. హెపటైటిస్ బి వైరస్ తాను చేరిన కాలేయ కణాన్ని సాధారణంగా తానుగా చంపదు. కణ కేంద్రకంలో తన డీఎన్‌ఏను మూసిన వలయంగా దాచుకొని, ఆ కణం బతికి ఉన్నంత కాలం దాని చేత తన ప్రతులను తయారుచేయించుకుంటుంది. కణం చనిపోతే నష్టం వైరస్‌కే. అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థలో ఫ్రాన్సిస్ చిసారి బృందం 1990 ప్రాంతంలో ఎలుకలతో చేసిన ప్రయోగాలు ఈ సంగతిని తేటతెల్లం చేశాయి. వైరస్ ప్రోటీన్లు పుట్టుకతోనే కాలేయంలో తయారయ్యేలా జన్యువులు మార్చిన ఎలుకల్లో, రోగనిరోధక వ్యవస్థ ఆ ప్రోటీన్లను తనవిగానే లెక్కవేసుకుంది కనుక, చాలావరకు కాలేయానికి ఏ వాపూ రాలేదు. అవే ప్రోటీన్లను పరాయివిగా గుర్తించే టి కణాలను (రోగనిరోధక వ్యవస్థకు చెందిన ఒక రకం తెల్ల రక్తకణాలను) మరో ఎలుక నుంచి తెచ్చి ఎక్కించగానే హెపటైటిస్ మొదలైంది. అంటే మనం కామెర్లు అనీ, ఎస్‌జీపీటీ పెరిగింది అనీ చెప్పుకునే నష్టంలో అధిక భాగం మన సొంత సైన్యం చేసేదే. ఎస్‌జీపీటీ అన్నది కాలేయ కణం లోపల ఉండే ఎంజైము. కణాలు పగిలితే రక్తంలోకి వస్తుంది. అది మామూలుగా ఉందంటే ప్రస్తుతం కణాలు పెద్దగా పగలడం లేదని మాత్రమే అర్థం. వైరస్ ఎంత ఉందో ఆ అంకె చెప్పదు.

వయసు విషయం కూడా ఇక్కడే అర్థమవుతుంది. పుట్టినప్పుడు తల్లి నుంచి వైరస్ సోకిన శిశువుల్లో నూటికి 90 మందిలో అది జీవితాంతం ఉండిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి సోకితే నూటికి ఐదుగురిలో కూడా నిలవదు. ఆ పెద్దవారిలో కొందరికి కామెర్లు రావచ్చు, ఆకలి చచ్చిపోవచ్చు, కొన్ని వారాలు మంచాన పడవచ్చు, కానీ వైరస్ అదుపులోకి వచ్చేస్తుంది. శిశువుకు ఏ బాధా ఉండదు, వైరస్ మాత్రం పోదు. బాధ లేకపోవడాన్నే ఆరోగ్యమనుకోవడం ఈ జబ్బులో ఎంత ప్రమాదమో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇక కాలేయమే ఎందుకు ఇంత ఓపిక పడుతుందన్న ప్రశ్న. కాలేయానికి చేరే రక్తంలో దాదాపు నాలుగింట మూడు వంతులు పేగుల నుంచి పోర్టల్ సిర ద్వారా వస్తుంది. మనం తిన్న ప్రతి పదార్థపు తునకలు, పేగుల్లోని బ్యాక్టీరియా శకలాలు గంట గంటకూ అందులో వస్తూనే ఉంటాయి. పెళ్లింటి గుమ్మంలో నిలబడ్డ పెద్దమనిషి లోపలికి వచ్చే ప్రతివాడితోనూ తగవు పెట్టుకుంటే పెళ్లి జరగదు. కాలేయం పరిస్థితి కూడా అదే. శరీరంలో కణజాలాల్లో స్థిరపడిన భక్షక కణాల్లో నూటికి 80కి పైగా కాలేయంలోనే, కుఫర్ కణాల రూపంలో, ఉన్నప్పటికీ వాటి స్వభావం తొందరపాటు కాదు. 1969లో ఇంగ్లండులో రాయ్ కాన్ బృందం పందుల్లో కాలేయాలను మార్చినప్పుడు, రోగనిరోధక శక్తిని అణిచే మందులేవీ ఇవ్వకపోయినా కొన్ని పందులు పరాయి కాలేయాన్ని నెలల తరబడి అంగీకరించాయి. అదే పని మూత్రపిండంతో చేస్తే శరీరం తిప్పికొట్టేది. ఈ సహనం మనకు మేలు చేసేదే, కానీ హెపటైటిస్ వైరస్‌లు సరిగ్గా దాని చాటునే కాపురం పెడతాయి.

ఇంతవరకు చదివినవారు, అలాగైతే రోగనిరోధక శక్తి రెచ్చిపోతే కాలేయం చెడుతుంది, అణిగి ఉంటే వైరస్ నిలుస్తుంది, ఈ రెంటిలో ఒకటి తప్పదు అనుకోవచ్చు. చాలాకాలం శాస్త్రవేత్తలు కూడా దాదాపుగా అలాగే అనుకున్నారు. ఆ అభిప్రాయాన్ని మార్చిన పరిశోధనల్లో నేను మొదట చెప్పదలచినది 2000లో మాలా మైని, ఆంటోనియో బెర్టోలెట్టి, వారి సహచరులు లండన్‌లో చేసి ప్రచురించిన పని. మైని ఇప్పుడు లండన్ యూనివర్సిటీ కాలేజీలో వైరల్ ఇమ్యునాలజీ ఆచార్యులు. వారు రెండు రకాల రోగులను తీసుకున్నారు: వైరస్ అదుపులో ఉండి ఎస్‌జీపీటీ మామూలుగా ఉన్నవారు ఒక రకం, వైరస్ విపరీతంగా ఉండి కాలేయం వాచినవారు రెండో రకం. హెపటైటిస్ బి వైరస్‌లోని ఒక ప్రోటీన్ ముక్కను మాత్రమే గుర్తించే టి కణాలకు అతుక్కుని మెరిసే టెట్రామర్ అనే సాధనంతో, రెండు రకాలవారి కాలేయాల్లోనూ అలాంటి టి కణాలు ఎన్ని ఉన్నాయో లెక్కించారు. వాచిన కాలేయంలో అవి ఎక్కువగా ఉండాలి కదా. ఉండలేదు, సంఖ్య రెండు రకాల రోగుల్లోనూ ఇంచుమించు ఒకటే. ఏ వాపూ లేని, ఎస్‌జీపీటీ పెరగని కాలేయంలో ఆ కణాలు నిశ్శబ్దంగా వైరస్‌ను అదుపు చేస్తున్నాయి. వాచిన కాలేయంలో అదే సంఖ్యలోని కణాలు, వైరస్‌తో ఏ సంబంధమూ లేకుండా వచ్చి చేరిన వేలాది ఇతర కణాల గుంపులో కలిసిపోయి ఉన్నాయి. విధ్వంసంలో ఎక్కువ పాలు ఆ గుంపుదే. వైరస్ కనబడిన చోట గురి చూసి పనిచేసేవారు వేరు, గొడవ విని దూసుకొచ్చి కనబడినదల్లా పగలగొట్టేవారు వేరు అని దీనివల్ల తేలింది. టి కణాలు కాలేయ కణాన్ని చంపకుండానే, ఇంటర్‌ఫెరాన్ గామా, టీఎన్‌ఎఫ్ ఆల్ఫా వంటి సంకేత ప్రోటీన్లను విడుదల చేసి లోపలి వైరస్‌ను తుడిచిపెట్టగలవని చిసారి, లూకా గిడొట్టి అంతకుముందే 1996లో ఎలుకల్లో చూపించి ఉన్నారు కనుక, ఈ రెండూ కలిపి చదివితే చిత్రం స్పష్టపడుతుంది. మైని బృందమే 2007లో, ఎస్‌జీపీటీ ఉన్నట్టుండి పెరిగే సమయాల్లో ఎన్‌కే కణాలు (నేచురల్ కిల్లర్ అనే మరో రకం రోగనిరోధక కణాలు) ట్రెయిల్ అనే ప్రోటీన్ ద్వారా కాలేయ కణాలను చంపుతున్న దారిని కూడా కనిపెట్టింది. మీ నాన్నగారి కాలేయం విషయంలో మీరు అడిగిన ప్రశ్నకు సూటి జవాబు ఈ పరిశోధనల్లోనే ఉంది. ఆయన ఒంట్లోని వైరస్ మోతాదు తక్కువైతే, ఎవరూ గమనించకుండా కొద్దిపాటి టి కణాలు తమ పని తాము చేసుకుపోతున్నాయని అనుకోవచ్చు. మోతాదు ఎక్కువై కూడా ఎస్‌జీపీటీ మామూలుగా ఉంటే కథ వేరు.

ఈ రంగంలోకి రావాలనుకునే విద్యార్థి గట్టిగా పట్టుకోవలసిన సంగతి నా దృష్టిలో ఒక్కటే: రక్తంలో కనిపించేది కాలేయంలో జరిగేది కాదు. రక్తంలోని లింఫోసైట్లలో, అంటే టి కణాలు, ఎన్‌కే కణాలు వంటివి చేరే తెల్ల రక్తకణాల వర్గంలో, ఎన్‌కే కణాలు నూటికి 5 నుంచి 15 వరకు ఉంటే, కాలేయంలో 30 నుంచి 50 వరకు ఉంటాయి. మెయిట్ కణాలనే మరో జాతి టి కణాలు రక్తంలో కొద్దిగానే కనిపిస్తాయి, కాలేయంలో మాత్రం టి కణాల్లో పెద్ద వాటా వాటిదే. పైగా కొన్ని టి కణాలు కాలేయంలో స్థిరపడి మళ్లీ రక్తంలోకి రానేరావని, హెపటైటిస్ బి అదుపులో ఉన్నవారిలో అలాంటి నివాస కణాలు ఎక్కువగా ఉంటాయని 2017లో మైని ప్రయోగశాలే చూపించింది. చేతి నరం నుంచి తీసిన గొట్టం రక్తంలో అవి ఎంత వెతికినా దొరకవు. అయినా మన దేశంలో ఈ విషయం మీద జరిగే పనిలో ఎక్కువ భాగం రక్తంతోనే జరుగుతుంది, ఎందుకంటే రక్తం తీయడం తేలిక, కాలేయం ముక్క అడగడం కష్టం. బయాప్సీలో వచ్చే సన్నని పోగు మొత్తం కాలేయంలో సుమారు 50,000వ వంతు మాత్రమే. అందులోంచి రోగనిర్ధారణకు పోగా పరిశోధకుడి చేతికి వచ్చేది మరీ కొంచెం. అందుకనే సన్నని సూదితో కాలేయం నుంచి కొద్దిపాటి కణాలను పీల్చే పద్ధతిని 2019 నాటికి అదే లండన్ బృందం పరీక్షించి చూసింది. బయాప్సీ కంటే బాధ తక్కువ, ఒకే రోగిలో మళ్లీ మళ్లీ చేయవచ్చు. కాలేయ మార్పిడి జరిగే ఆసుపత్రుల్లో దాత కాలేయాన్ని కడిగిన ద్రవంలోనూ, తీసివేసిన పాత కాలేయంలోనూ కావలసినన్ని కణాలు దొరుకుతాయి. సాధారణంగా పారబోసే ద్రవం అది, పరిశోధకుడికి బంగారం.

రోజువారీ పని ఎలా ఉంటుందని అడిగారు. ఒక నమూనా సంగతి చెబుతాను. రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ ఉన్న ఆకుపచ్చ మూత గొట్టంలో రక్తం తీస్తారు. దాన్ని ఐసు మీద పెట్టకూడదు, ఎండలో వదలకూడదు. గది ఉష్ణోగ్రతలోనే కొద్ది గంటల్లో ప్రయోగశాలకు చేరాలి. మే నెలలో బెజవాడ నుంచి మంగళగిరి దాకా కారు వెనక సీట్లో పెట్టుకొచ్చిన రక్తం గది ఉష్ణోగ్రతలో ఉన్నట్టు కాదని వేరే చెప్పనక్కర్లేదు, కాబట్టి ఇన్సులేటెడ్ పెట్టె, అందులో గది చల్లదనానికి తెచ్చిన జెల్ ప్యాకులు, పక్కన ఒక థర్మామీటరు తప్పనిసరి. తరువాత రక్తాన్ని సెలైన్‌తో పలుచన చేసి, ఫైకాల్ అనే చిక్కని ద్రవం మీద గొట్టాన్ని వాల్చి పట్టుకుని చుక్క చుక్కగా పోస్తారు. చేయి కాస్త వణికినా రెండు పొరలూ కలిసిపోతాయి. సెంట్రిఫ్యూజ్‌లో అరగంట తిప్పాలి, ఆగేటప్పుడు బ్రేకు వేయకుండా దానంతట దాన్ని ఆగనివ్వాలి. బయటికి తీసి చూస్తే పైన పసుపుపచ్చ ప్లాస్మా, అట్టడుగున ఎర్ర కణాలు, వాటి నడుమ పల్చని తెల్లని మబ్బులాంటి ఒక వలయం కనిపిస్తుంది. మనకు కావలసినదంతా ఆ వలయమే. దాన్ని పిపెట్‌తో గుండ్రంగా తిప్పుతూ తీయడం కొత్తవారికి కొంతకాలం చేతకాదు, తరువాత చేతికి దానంతట అదే వస్తుంది. ఆ కణాలను కడిగి, లెక్కపెట్టి, కొన్నింటిని వైరస్ ప్రోటీన్ ముక్కలతో కలిపి పది రోజుల పాటు పెంచి, అవి ఏ సంకేత ప్రోటీన్లు విడుదల చేస్తున్నాయో రంగులద్ది, కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు పంపి లెక్కించే ఫ్లో సైటోమీటర్ అనే యంత్రంలో చూస్తారు. మిగిలినవాటిని నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబరచి ద్రవ నైట్రోజన్‌లో దాస్తారు. ఇక్కడితో సగం పనే అయింది. మిగతా సగం కంప్యూటర్ ముందు కూర్చుని, తెర మీద చుక్కల గుంపుల చుట్టూ గీతలు గీస్తూ, చచ్చిన కణాలను, జంటగా అతుక్కున్న కణాలను ఏరివేస్తూ గడుస్తుంది. విసుగు పుట్టే పనే, కానీ తప్పుడు గీత గీస్తే లేని కణాలు ఉన్నట్టు కనిపిస్తాయి.

మన ప్రాంతానికి సంబంధించిన చిక్కు ఒకటి ఇందులో ఉంది. వైరస్ ముక్కలను టి కణాలకు ఎత్తి చూపే హెచ్‌ఎల్‌ఏ ప్రోటీన్లు మనిషి మనిషికీ వేరుగా ఉంటాయి. మొదటి తరం టెట్రామర్లు ఎక్కువగా హెచ్‌ఎల్‌ఏ ఏ2 అనే రకం ఉన్నవారికి పనికొచ్చేవి. యూరప్‌లో అది సర్వసాధారణం. మన దేశంలో ఏ11, ఏ24, ఏ33 వంటి రకాలు విరివిగా ఉంటాయి, ఏ2 ఉన్నవారిలో కూడా ఉపరకం తరచు వేరు. వైరస్ కూడా ఇక్కడ ప్రధానంగా డి, ఏ జన్యురకాలు. అక్కడి సాధనాన్ని తెచ్చి ఇక్కడి రోగి రక్తంలో వేసి, ఏమీ కనబడలేదు కనుక టి కణాలే లేవని రాసేయడం శాస్త్రం అనిపించుకోదు. డబ్ల్యూహెచ్‌ఓ 2024 నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో హెపటైటిస్ బి ఉన్నవారు దాదాపు 2.98 కోట్ల మంది. ఇంతమంది ఉన్న చోట మనకు తగిన సాధనాలు మనమే తయారుచేసుకోవలసిన అవసరం కొట్టొచ్చినట్టు కనబడుతోంది.

దీర్ఘకాలం వైరస్‌తో తలపడిన టి కణాలు అలసిపోతాయి. వైరస్ తన పైపొర ప్రోటీన్‌ను ఖాళీ గుళికల రూపంలో, అసలు వైరస్ కంటే వేల రెట్లు, ఒక్కోసారి లక్ష రెట్లు ఎక్కువగా రక్తంలోకి వదులుతుంది. హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్షలో మనం పట్టుకునేది దాన్నే. ఏళ్ల తరబడి ఆ వరదను చూసిన టి కణాల మీద పీడీ-1 వంటి అడ్డుకట్టలు పేరుకుంటాయి. జపాన్‌లో తసుకు హోంజో 1992లో కనుగొన్న ఈ పీడీ-1కు 2018 నోబెల్ దక్కింది, క్యాన్సర్ చికిత్స దానితో మారిపోయింది. మరి హెపటైటిస్ బిలోనూ ఆ అడ్డు తొలగిస్తే? 2019లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో పీడీ-1ను అడ్డుకునే నివోలుమాబ్ అనే మందును ఒక్క మోతాదు ఇచ్చి చూశారు. హెచ్‌బీఎస్‌ఏజీ పూర్తిగా పోయింది ఒకే ఒక్క రోగిలో, అదీ ముందు ఎస్‌జీపీటీ ఎగసిన తరువాత. వైరస్ పోవడానికీ కాలేయం పగలడానికీ మధ్య గీత ఎంత సన్నగా ఉంటుందో ఆ ఒక్క రోగి చాలు చెప్పడానికి. ప్రస్తుతం వాడుతున్న టెనోఫోవిర్, ఎంటెకావిర్ వైరస్ కొత్త ప్రతులు తయారవకుండా ఆపుతాయి, దాచిన వలయాన్ని మాత్రం తీసివేయలేవు. అయినా సిరోసిస్‌నూ కాలేయ క్యాన్సర్‌నూ గణనీయంగా తగ్గిస్తాయి కనుక వాటిని తక్కువగా చూడరాదు.

కాలేయ రోగనిరోధక శాస్త్రం అంటే వైరస్‌లే కాదు. ఫ్యాటీ లివర్ ముదిరినప్పుడు కణాలను చంపే రకమైన సీడీ8 టి కణాలు తమకు ఏ లక్ష్యమూ చూపకుండానే చుట్టుపక్కల కాలేయ కణాలను చంపుతాయని 2021లో జర్మనీ పరిశోధకులు చూపించారు. ఫ్యాటీ లివర్ ఇంటింటా కనిపిస్తున్న మన జిల్లాల్లో రానున్న కాలంలో పని ఎక్కువగా అటువైపే ఉంటుందని నా అంచనా.

ఇక్కడ ఒక మాట పక్కకు వెళ్లి చెప్పక తప్పదు. కామెర్లనగానే నేల ఉసిరి పసరు తాగించడం మన వైపు ఉన్నదే. దాన్ని ఎవరూ శాస్త్రీయంగా చూడలేదనుకోవద్దు. హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొని 1976లో నోబెల్ పొందిన బరూచ్ బ్లంబర్గ్, మద్రాసు శాస్త్రవేత్త త్యాగరాజన్ కలిసి 1988లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, నేల ఉసిరి పొడి తీసుకున్న 37 మందిలో 22 మందికి హెచ్‌బీఎస్‌ఏజీ పోయిందని, మందు లేని ఉత్త పొడి తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయిందని వచ్చింది. ప్రపంచమంతా ఆశపడింది. తరువాత ఇతర చోట్ల జరిగిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. తిప్పతీగ సంగతి దీనికి తలకిందులు. కోవిడ్ రోజుల్లో రోగనిరోధక శక్తి పెరుగుతుందని దాన్ని రోజూ మరిగించి తాగినవారిలో, ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌ను పోలిన కాలేయ వాపు వచ్చిన ఆరుగురి వివరాలు 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు. తరువాత పలు కేంద్రాలు కలిసి 43 మందిని గుర్తించాయి. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణను ఒప్పుకోలేదు. నా వద్దకు వచ్చే కాలేయ రోగులకు మాత్రం నేను దాన్ని మానమనే చెబుతాను. సహనంగా ఉండటమే స్వభావమైన అవయవంలో నిరోధక శక్తిని రెచ్చగొట్టడం అందరికీ మేలు చేస్తుందనుకోవడానికి ఆధారం లేదు.

మీ నాన్నగారి విషయానికి వస్తే, ఎస్‌జీపీటీ ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండవద్దు. రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే హెచ్‌బీవీ డీఎన్‌ఏ మోతాదు, కాలేయం ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్, ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ కావాలి. 2024లో డబ్ల్యూహెచ్‌ఓ చికిత్స పరిధిని విస్తరించింది కనుక, మునుపు మందు అక్కర్లేదన్నవారిలో కొందరికి ఇప్పుడు మొదలుపెట్టవచ్చు. ఆయనకు మధుమేహం గానీ, కుటుంబంలో ఎవరికైనా కాలేయ క్యాన్సర్ గానీ ఉంటే డాక్టరుగారికి తప్పక చెప్పండి. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్స కేంద్రాల్లో మందులు ఉచితం. మీకూ, మీ అమ్మగారికీ, తోబుట్టువులకూ పరీక్ష చేయించి, లేనివారికి మూడు మోతాదుల టీకా వేయించండి. 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ దేశీయంగా తయారుచేసిన నాటి నుంచి ఈ టీకా సామాన్యుడికి అందుబాటులోకి వచ్చింది. అన్నిటికంటే ముఖ్యంగా, మోకాళ్ల నొప్పులకని, ఉబ్బసానికని ఊళ్లో వేసే స్టెరాయిడ్ సూదులు, మాత్రలు ఆయన కాలేయ వైద్యునికి చెప్పకుండా వాడకూడదు. పైన చెప్పిన ఆ కొద్దిపాటి టి కణాలను స్టెరాయిడ్లు అణిచివేస్తే వైరస్ విజృంభిస్తుంది. మందు ఆపగానే కోలుకున్న నిరోధక వ్యవస్థ ఒక్కసారిగా దాని మీద పడి కాలేయాన్ని కుప్పకూల్చగలదు. లింఫోమా అనే క్యాన్సర్‌కు ఇచ్చే రిటక్సిమాబ్ మందుతో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఎప్పుడో సోకి నయమైపోయినవారిలో సైతం వైరస్ తిరగబెట్టవచ్చు గనుక, ఆ మందు మొదలుపెట్టేముందు హెచ్‌బీఎస్‌ఏజీతో పాటు, వైరస్ ఎప్పుడైనా సోకిందా అని తెలిపే యాంటీ హెచ్‌బీసీ పరీక్ష కూడా చూడాలి.

ఈ వైపు రావచ్చా అంటే, నిస్సందేహంగా రావచ్చు. సీఎస్‌ఐఆర్ నెట్ వంటి జేఆర్‌ఎఫ్ (పరిశోధక ఫెలోషిప్) పరీక్షల్లో ఏదో ఒకటి దాటండి. ఢిల్లీలోని ఐఎల్‌బీఎస్, ఫరీదాబాద్‌లోని టీహెచ్‌ఎస్‌టీఐ, వెల్లూరు సీఎంసీ, హైదరాబాదు సీసీఎంబీ వంటి చోట్ల ప్రయత్నించవచ్చు. పేరు కంటే ముందు, ఆ ప్రయోగశాలకు కాలేయ కణజాలం అందుతుందా, ఏ ఆసుపత్రి నుంచి, నెలకు ఎన్ని నమూనాలు వస్తాయి అని అక్కడ పనిచేస్తున్న విద్యార్థులను అడగండి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు దగ్గరలో ఫ్లో సైటోమీటర్ ఉన్న చోటు చూసుకోండి. రక్తంతోనే అయినా ఫర్వాలేదు, చేయి తిరగడం ముఖ్యం. ఇంటర్వ్యూకు వెళ్లేముందు 2000 నాటి ఆ మైని పరిశోధన పత్రాన్ని చదివి, అందులోని చుక్కల పటాల్లో గీతలు ఎక్కడ, ఎందుకు గీశారో మీ మాటల్లో చెప్పగలిగేలా చూసుకోండి. అర్థం కాని పటం ఏదైనా ఉంటే దాని సంఖ్య రాసి ఇక్కడే అడగండి, తప్పక జవాబిస్తాను.